గొట్టానికి కూడా ఒక వాటా

ఇప్పుడు మీరు బండి కడిగించుకోవాలంటే దగ్గర్లో ఉన్న సర్వీసింగు షెడ్డుకు తోలుకుపోతారు. అక్కడ పనివాడు ప్లగ్గు గోడకు గుచ్చి, తుపాకీలాంటి దాన్ని నొక్కుతాడు. నీళ్లు వస్తాయి. మీరు ఫోను చూసుకుంటూ కూర్చుంటారు. నేను అలా కూర్చోలేను. అరవయ్యో దశకం చివర్లో ఇదే పని చేసి పొట్టపోసుకున్నవాణ్ణి కాబట్టి, నొక్కగానే నీళ్లు రావడం చూసి సంతోషపడాలి. పడను. ఒళ్లు మండుతుంది. నా వయసులో సగం ఆ నీళ్లు ఎక్కణ్ణుంచి తోడాలి, యంత్రం ఎక్కడ నిలబెట్టాలి అన్న తగవులోనే కరిగిపోయిందనిపిస్తుంది. నిజానికి కరిగింది ఒక్క వానాకాలమే. కానీ ఆ వానాకాలాన్ని మీరు చూడలేదు.

మాది పొందూరు. మా ఇంట్లో మగ్గం గుంట ఉండేది. మా నాన్న అందులో కాళ్లు పెట్టుకుని పొద్దస్తమానం నేసేవాడు. నన్నూ అందులోనే దింపాలని చూశాడు. నాకు ఇంజన్లంటే పిచ్చి. ఊళ్లోకి ఏ డీజిలింజను వచ్చినా దాని చుట్టూ తిరిగేవాణ్ణి. చివరికి విజయనగరంలో ఒక షావుకారు దగ్గర మెకానిక్కుగా కుదిరాను. ఇంటినుంచి బయల్దేరేటప్పుడు మా నాన్న ఒకటే మాటన్నాడు: "ఎల్లు. ఆ కొలువు ఊడిన్నాడు తిన్నగా ఈ గుంటలోకే రావాల. మరి తిరుగుళ్లు లేవు." ఆ మాట నా మెడకు కట్టిన గంటలా ఉండేది. ఉద్యోగం పోయిందా, మగ్గం గుంటే గతి.

మా షావుకారు ఎక్కడో వేలంపాటలో ఒక యంత్రాన్ని పాడుకొచ్చాడు. ఒక డీజిలింజను, దానికి బెల్టుతో తగిలించిన మూడు పిస్టన్ల పంపు. ఒకవైపు నీళ్లు పీల్చే గొట్టం, ఇంకోవైపు నీళ్లను కక్కే గొట్టం. కక్కే గొట్టానికి చివర ఇత్తడి మూతి. ఆ మూతిలోంచి వచ్చే నీటిధార గోడమీది పాత సున్నాన్ని కూడా పెచ్చులు పెచ్చులుగా లేపేది. ఇదంతా ఒక ఎడ్లబండి మీద బిగించాం. ప్రైవేటు బస్సులు, లారీలు, గోడౌన్లు, ధాన్యం మిల్లులు కడిగి పెడతామని షావుకారు ఊరూరా చెప్పించాడు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, పని ఒక్కటీ రాకముందే రెండో యంత్రం కొంటాననీ, అప్పుడు పనులన్నింటికీ నన్నే పెద్దను చేస్తాననీ అన్నాడు. నేను నమ్మాను. ఆ వయసులో నమ్మకపోతే ఇంకెప్పుడు నమ్ముతాం.

నీళ్ల ఒత్తిడి ఎక్కువైతే ఆ గొట్టం చేతిలో నిలిచేది కాదు, తోక తొక్కిన పాములా కొట్టుకునేది. ఇద్దరు ముగ్గురు గట్టి చేతులవాళ్లు పట్టుకుంటేగానీ లాభం లేదు. తాళ్లు లాగి లాగి చేతులు కాయలు కాసినవాళ్లు కావాలని నేనే అన్నాను. అది వానాకాలం. సముద్రం పోటెత్తి వేట సాగని రోజులు. తీరం వైపునుంచి నలుగురు బెస్తవాళ్లు పనికోసం వచ్చి ఉన్నారు. వాళ్ల పెద్ద ఒక తండేలు, అంటే పడవ నడిపించేవాడు. అరవయ్యేళ్లు ఉంటాయేమో, మనిషి చింతమొద్దులా ఉండేవాడు. అతని బావమరిది ఒకడు, సన్నగా పొడుగ్గా. తండేలు ఏం చెప్పినా దానికి అడ్డం చెప్పడం కోసమే పుట్టాడా అనిపించేవాడు. మిగిలిన ఇద్దరూ అన్నదమ్ములు. వాళ్లు ఒకసారి తండేలు వైపు, ఒకసారి బావమరిది వైపు ఉండేవారు.

షావుకారు రోజుకూలి చెప్పాడు. తండేలు తల అడ్డంగా ఊపాడు.

"కూలికి మేం రాం బాబూ. వాటాకయితే వస్తాం."

"వాటా ఏమిటయ్యా? ఇదేమైనా చేపల వేటా?"

"పడవకో వాటా, వలకో వాటా, మనిషికో వాటా. మీ యంత్రం పడవ. ఆ గొట్టం వల. ఆ రెండు వాటాలూ మీవి. మేం నలుగురం, మావి నాలుగు. వచ్చిన సొమ్ములో ముందు సమురు ఖర్సు తీసీయండి, మిగిలింది పంచీయండి."

"పని దొరకని రోజు?"

"సేప దొరకని రోజున సముద్రాన్ని కూలడుగుతామేటి? పస్తుంటాం."

షావుకారు మొహం వెలిగిపోయింది. పని లేని రోజు పైసా ఇవ్వక్కర్లేదంటే ఏ షావుకారు కాదంటాడు? అక్కడికక్కడే ఒప్పుకున్నాడు. నా జీతం మాత్రం విడిగా నెలకింతని ఉండేది. వాటాల లెక్కలో నేను లేను. అప్పుడది నాకు గౌరవంగానే తోచింది. జీతగాడంటే వాళ్లకంటే ఒక మెట్టు పైన అనుకున్నాను.

నా తిప్పలు మర్నాడే మొదలయ్యాయి. విజయనగరంలో ఒక బస్సుల షెడ్డు. పదడుగుల దూరంలో నుయ్యి. యంత్రం నూతి పక్కన పెట్టాలి, ఇందులో ఆలోచించడానికేముంది? "నూతి పక్కనెట్టండి" అన్నాను. ఎడ్లను ఎవరూ కదపలేదు. నలుగురూ బండి దిగి, నేలమీద గుండ్రంగా కూర్చున్నారు.

"గాలి పడమట్నించి కొడతన్నాది," అన్నాడు తండేలు. "నూతికాడెడితే తుంపరంతా మన మీదే పడతాది."

"పడితే పడతాది. మనం ఉప్పు బొమ్మలమేటి కరిగిపోడానికి?" అన్నాడు బావమరిది.

"ఇంజనుకి నీల్లు తగలకూడదు కదేటి," అన్నాడు అన్నదమ్ముల్లో ఒకడు.

"అలగయితే అటు గోడకాడెడదాం."

"గోడకాడెడితే పీల్చే గొట్టం సాలదు."

నేను నిలబడి ఉన్నాను. నన్నెవరూ అడగలేదు. ఎండెక్కింది. షెడ్డు మేనేజరు రెండుసార్లు వచ్చి చూసిపోయాడు. నాకు తలప్రాణం తోకకొచ్చింది. "మెకానిక్కుని నాను. ఎక్కడెట్టాలో నాను సెప్తాను, మీరు ఎట్టండి" అని అరిచాను. తండేలు నావైపు ఎంతో మర్యాదగా చూశాడు.

"నీకిందులో వాటా ఉన్నాదేటి బాబూ?"

"లేదు. నాది జీతం."

"మరయితే నీకేటి బెంగ? ఈయేళ పని సెడిపోతే మాకు కూడు పోతాది. నీ జీతం నీకొచ్చెస్తాది. మేం మాటాడుకుంటాం, నువ్వలగ నీడన కూకో."

వాళ్లు వెటకారం కోసం అన్న మాట కాదది. నన్ను కష్టపెట్టకూడదనే అన్నారు. అందుకే ఇంకా మండింది. చివరికి నూతి పక్కనే పెట్టారు. నేను చెప్పిన చోటే. కానీ నేను చెప్పినందుకు కాదు, వాళ్లు తేల్చుకున్నందుకు.

ఆ వానాకాలమంతా ఇదే వరస. యంత్రం ఎక్కడ నిలబెట్టాలన్నా సభే. ఒత్తిడి చూపించే ముల్లు ఎంతవరకు పోనివ్వాలన్నా సభే. అంబలి ఎప్పుడు తాగాలి, దారిలో ఎవడో లారీవాడు చెయ్యెత్తి కడగమంటే ఒప్పుకోవాలా వద్దా, అన్నింటికీ సభే. గొట్టానికి పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టిగానీ కొత్త చోట పని మొదలెట్టరు. ఆ కొబ్బరికాయ ఎవరు కొట్టాలన్నదానికి ఇంకో సభ. అందరూ పల్లకీ ఎక్కేవాళ్లే అయితే మోసేవాడెవడని నేను గొణుక్కునేవాణ్ణి. వాళ్లే మోసేవాళ్లు కూడా. ఆ ముక్క కూడా చెప్పాలి కదా. ఒకసారి తేల్చుకున్నారంటే నలుగురూ ఒక్క ఒంటిలా కదిలేవారు, ధార కింద నల్లటి పాకుడు తెల్లటి సిమెంటు అయిపోయేది. కానీ తేల్చుకునేలోపల నా రక్తం సగం మరిగిపోయేది.

కార్తీకంలో రాజాం పని వచ్చింది. కొత్త ధాన్యం దిగేలోపల అక్కడి ఉప్పుడుబియ్యం మిల్లులు కడగాలి. వానలకు నాచు పట్టిన ఎండబెట్టే కళ్లాలు, కుళ్లు వాసన కొట్టే నానబెట్టే తొట్లు, ఊకదుమ్ము అట్టకట్టిన గోడలు. ముందు ఒక మిల్లు, అది నచ్చితే రెండోది, రెండూ నచ్చితే ఊళ్లోని మిల్లులన్నింటికీ ఏటేటా మనమే. షావుకారు నన్ను పక్కకు పిలిచాడు.

"ఇది కుదిరితే రెండో యంత్రం, పనులకు నువ్వే పెద్ద. కుదరకపోతే ఈ డొక్కును ఇనప్పాతకు అమ్మేస్తాను. నాకూ విసుగొచ్చింది. మరి నీ ఇష్టం."

నా ఇష్టమట. నా కళ్లముందు మగ్గం గుంట కనబడింది.

మొదటి మిల్లులో పని సగమైంది. ఒకరోజు మధ్యాహ్నం, కళ్లం మీద ధార జోరుగా కొడుతుండగా, గొట్టం నడిమధ్యలో ఫెడేలుమని పగిలింది. పాత సరుకు, ఎన్నాళ్లు ఆగుతుంది? నీళ్లన్నీ పక్కకు చిమ్మి, అప్పుడే భోంచేసి తెల్లపంచెలో వస్తున్న మిల్లు గుమాస్తాను నిలువునా తడిపాయి. తడపడమంటే, ఊకబురద నీళ్లు. ఆయన నల్లగా మారి, నోరు తెరిచి, మళ్లీ మూసేశాడు. బావమరిది నవ్వాపుకోలేక బండి చాటుకు పోయాడు. నాకు నవ్వు రాలేదు.

కొత్త గొట్టం విశాఖపట్నంలోనే దొరుకుతుంది. మిల్లు ఫోనులో షావుకారుకు చెప్పాను. అవతలనుంచి మాట పగిలిన గొట్టంలాగే వచ్చింది.

"నేను ఒక్క కాణీ పెట్టను. పగలగొట్టినవాళ్లే కొనుక్కోండి. లేకపోతే బండి తోలుకుని వచ్చెయ్యండి, అమ్మకానికి పెడతాను."

ఆ సంగతి వచ్చి చెప్పాను. నలుగురూ గుండ్రంగా కూర్చున్నారు. మళ్లీ సభ. నేను దూరంగా నిలబడ్డాను, అలవాటు ప్రకారం.

"గొట్టం వాటా ఇన్నాళ్లూ తిన్నది షావుకారు," అన్నాడు బావమరిది. "గొట్టం పగిల్తే ఆయనే కొనాల. న్యాయం అదీ."

"న్యాయం అదే," అన్నాడు తండేలు. "ఆయన కొననంటన్నాడు. వల సినిగిపోతే, వలగలాయన ఇవ్వనంటే, మన్లో ఏటి సేస్తాం?"

"పడవలో ఉన్నోళ్లందరం తలో సెయ్యీ ఏసి కొంటాం. అక్కణ్ణించి వల వాటా మనకొస్తాది."

"మరింకేటి. లెక్కెట్టు."

లెక్క పెట్టారు. నలుగురికీ వాటా వేసి, తండేలు నావైపు తిరిగాడు.

"ఐదో వాటా నీది."

లాభం పంచుకున్నప్పుడు నేను కనబడలేదు, ఇప్పుడు నష్టం పంచుకోవడానికి కనబడ్డానా, ఇదెక్కడి న్యాయం అని అరిచాను. నేను జీతగాణ్ణని వాళ్లన్న మాటే వాళ్లకు అప్పజెప్పాను. తండేలు అంతా విన్నాడు.

"లాభంలో నీకు వాటా లేదు, నిజిమే. మరి ఈ యంత్రం అమ్మీస్తే నీకు పోయీదేటీ లేదా?"

నా మగ్గం గుంట సంగతి వాళ్లకెప్పుడూ చెప్పలేదు.

"పోయీదుంటే నువ్వూ పడవలోనే ఉన్నావు. లేదా, గట్టుమీదున్నావు. నీకే తెలవాల. మేం బలవంతం సెయ్యం."

సైకిలు కొనుక్కుందామని దాచుకున్న సొమ్ము నా ట్రంకుపెట్టెలో ఉంది. ఆ సాయంత్రం దాన్ని తీసి, మొహం ముడుచుకునే, తండేలు చేతిలో పెట్టాను. అన్నదమ్ముల్లో ఒకడు మర్నాటి మొదటి బస్సుకు విశాఖపట్నం వెళ్లాడు. కొత్త గొట్టాన్ని భుజం మీద చుట్టగా వేసుకుని తిరిగొచ్చాడు. పసుపు రాశారు. కొబ్బరికాయ నా చేతికిచ్చారు. నేను కొట్టాను. కాయ సరిగా పగల్లేదు. అయినా పని మొదలెట్టారు.

కళ్లం పని అయిపోయి, తొట్ల దగ్గరకు మారాలి. యంత్రం మళ్లీ కొత్త చోట నిలబెట్టాలి. నలుగురూ కూర్చున్నారు. నేను నిలబడే ఉన్నాను. తండేలు కాస్త జరిగి, పక్కన నేల చూపించాడు.

"రా, కూకో. నీ మాటేటి?"

నేను కూర్చున్నాను. ఇన్నాళ్లూ ఎవరూ అడగని మాట అది. తొట్లకు ఉత్తరం వైపు ఎందుకు పెట్టాలో, గొట్టం ఎంత పొడుగు మిగులుతుందో, ఇంజను పొగ ఎటు పోతుందో వివరంగా చెప్పాను. మధ్యలో ఎవరూ అడ్డు రాలేదు. బావమరిది కూడా గెడ్డం కింద చెయ్యి పెట్టుకుని విన్నాడు.

"బాగా సెప్పేడు," అన్నాడు తండేలు.

"బాగానే సెప్పేడు," అన్నాడు బావమరిది. "కానీ దచ్చినం పక్కే మేలు."

మిగతా ఇద్దరూ దక్షిణమే అన్నారు. తండేలూ దక్షిణమే అన్నాడు. ఒక్కడికి నలుగురు. దక్షిణం వైపే పెట్టారు. నేను ఉత్తరమే మేలని ఇప్పటికీ అంటాను. కానీ ఆరోజు బండి తోసేటప్పుడు నేనూ భుజం పెట్టాను, నాకు కోపం కూడా సరిగా రాలేదు. పని బాగా జరిగింది. ఉత్తరం పెట్టినా జరిగేదే.

మొదటి మిల్లు అనుకున్న గడువుకు పూర్తయింది. మిల్లు యజమానికి నచ్చింది, రెండోదీ కడగమన్నాడు. షావుకారు విజయనగరం నుంచి సొమ్ము వసూలు చేసుకోవడానికి వచ్చాడు. పంపకం దగ్గర కూర్చున్నాడు. చమురు ఖర్చు తీశారు. యంత్రం వాటా ఆయనకిచ్చారు. గొట్టం వాటా తీసి, ఐదు భాగాలు చేసి, మాలో మేం పంచుకున్నాం. షావుకారు మొహం వెలవెలబోయింది.

"గొట్టం వాటా నాది కదయ్యా!"

"గొట్టం మాది బాబూ. మీరు కొననన్నారు కదేటి," అన్నాడు తండేలు. ఆ గొంతులో గెలిచిన గర్వమేమీ లేదు, ధర చెబుతున్నట్టు చెప్పాడు.

షావుకారు నన్ను మిల్లు వెనక్కు తీసుకుపోయి చెడామడా తిట్టాడు. ఆయన జీతం తింటూ ఆయన గొట్టంలోనే వాటాదారుణ్ణయ్యానట. తిట్టి తిట్టి, అలిసి, మెత్తబడ్డాడు. గొట్టం సొమ్ము ఎవరిది వాళ్లకు తిరిగిచ్చేస్తాననీ, ఇకమీదట అందరికీ రోజుకూలే అనీ, యంత్రం ఎక్కడ పెట్టాలో ఏం చెయ్యాలో నా మాటే మాటనీ అన్నాడు. ఆర్నెల్లుగా నేను ఆయన్ని అడుగుతున్నది అదే. ఎగిరి గంతెయ్యాలి. వేశాను కూడా, లోపల్లోపల. పెద్దరికం వచ్చినట్టే, ఇక మగ్గం పీడ లేనట్టే అనుకున్నాను.

వాళ్లకు చెప్పాను. తగవేమీ పడలేదు.

"అలగే. మాకూ సముద్రం సల్లబడతన్నాది, పోవాలి," అన్నాడు తండేలు. గొట్టం సొమ్ము లెక్క చూసుకుని తీసుకున్నారు. నా సొమ్ము నేనూ తీసుకున్నాను. బావమరిది నాకేసి చూసి, "సైకిలు కొనుక్కో మరి" అన్నాడు. అతనికి ఆ సంగతి ఎలా తెలిసిందో నాకు తెలీదు. మూటలు భుజాన వేసుకుని పలాస బస్సెక్కి పోయారు. వాళ్లు పోయాక మిల్లు ఆవరణ ఎంత నిశ్శబ్దంగా ఉందో చెప్పలేను. హమ్మయ్య అనుకున్నాను.

రెండో మిల్లు పనికి చుట్టుపక్కల ఊళ్లలోంచి నలుగురు పొలం పనివాళ్లను రోజుకూలికి పెట్టుకున్నాను. నెమ్మదస్తులు. రైతు చెప్పిన పని చేసి, సాయంత్రం కూలి తీసుకుని పోవడం వాళ్లకు తెలిసిన పద్ధతి. మొదటిరోజే వాళ్లను వరసగా నిలబెట్టి చెప్పాను: "ఇక్కడ నా మాటే మాట. నాను అడిగితేనే మాటాడాల. ఎదురు సెప్పినోడికి కూలి లేదు." ఆర్నెల్ల సభలు విన్న చెవులవి, ఏం చెయ్యను. నలుగురూ తలూపారు.

మీతో నిజం చెప్పుకోవడానికేం, ఆ నాలుగైదు రోజులూ స్వర్గంలా గడిచాయి. బండి ఇక్కడ పెట్టమంటే ఇక్కడ, అక్కడ పెట్టమంటే అక్కడ. ఒకసారి చూద్దామని, కావాలనే ఒక చోట పెట్టించి, మళ్లీ తీయించి ఇంకో చోట పెట్టించాను. ఎవరూ ఎందుకని అడగలేదు. కొబ్బరికాయ లేదు, పసుపు లేదు, గాలి ఎటు కొడుతోందన్న చర్చ లేదు. పని చకచకా సాగింది. రేపటితో అయిపోతుంది, ఎల్లుండి ధాన్యం బళ్లు దిగుతాయి.

ఆ ఆఖరు రోజున మిల్లు వెనక నీటిగుంటలోంచి తోడాలి. పీల్చే గొట్టం కొసకు ఒక జల్లెడబుట్ట ఉంటుంది. నీళ్లతోపాటు చెత్త పోకుండా అది ఆపుతుంది. పంపుకు దిష్టిబొమ్మ, కాపలాదారు, అన్నీ అదే. ఆ గుంట అడుగున ఏళ్ల తరబడి కొట్టుకొచ్చిన ఊకా, ఇసుకా ఉన్నాయి. "గొట్టం గుంటలోకి దింపండి" అని కేకేసి, నేను ఇంజను దగ్గరకు పోయాను. దింపారు. ఇంజను వేశాను. ధార వచ్చింది.

కాసేపు బాగానే నడిచింది. తర్వాత పంపు మూలగడం మొదలెట్టింది. ముల్లు ఊగింది. ధార తుంపర్లు తుంపర్లుగా తెగింది. నేను ఇంజను ఆపేలోపలే లోపల ఏదో కరకరా నమిలినట్టు చప్పుడై, బెల్టు జారి, పంపు బిగుసుకుపోయింది. చేత్తో తిప్పితే కదలదు. మూత విప్పి చూశాను. మూడు పిస్టన్ల చుట్టూ ఇసుకా ఊకా. నునుపుగా మెరవాల్సిన సిలిండరు గోడలు నాగలి సాళ్లలా గీరుకుపోయి ఉన్నాయి. బాగుచేసేది కాదు. నాకు చూడగానే తెలిసింది.

గుంట దగ్గరకు పరుగెత్తి, గొట్టం పైకి లాగాను. కొసకు జల్లెడబుట్ట లేదు.

"బుట్టేదిరా?"

గుంట దగ్గర నిలబెట్టిన మనిషి, నాకంటే పెద్దవాడే, గబగబా వెళ్లి గట్టుమీది చెట్టునీడనుంచి బుట్టను తెచ్చాడు. తువ్వాలుతో తుడిచి, రెండు చేతులా నాకు అందించాడు.

"దించినప్పుడే ఊడొచ్చింది బాబూ. నీల్లలో పోతాదని బద్రంగా దాసేను."

"ఊడిపోయిందని నాకు సెప్పొద్దా?"

అతను తల వంచుకున్నాడు.

"మీరడగలేదు కదా బాబూ."

ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే బాపతు అని తిట్టబోయాను. మాట్లాడొద్దన్నది నేనే. వీళ్లు మాట్లాడలేదు. మిగిలిన ముగ్గురూ కూడా చూశారట. మొదటి నుంచీ చూస్తూనే ఉన్నారట. ఒకడు, నేను కావాలనే తీయించి ఉంటానని అనుకున్నాడట. మొన్న బండి రెండుసార్లు మార్పించినట్టు, ఇదీ ఏదో పద్ధతి కాబోలని.

ఆ యంత్రాన్ని షావుకారు ఇనప్పాతకు అమ్మేశాడు. గొట్టం మాత్రం కొత్తది కాబట్టి విడిగా మంచి ధర పలికిందని తర్వాత విన్నాను. రాజాం మిల్లుల పని ఇంకెవరికో పోయింది. నేను పొందూరు వెళ్లాను. మా నాన్న మగ్గం గుంటలోంచి లేచి పక్కకు జరిగాడు. రెండేళ్లు నేశాను. తర్వాత వేరే ఉద్యోగాలు వచ్చాయి, పోయాయి, నా కింద మనుషులు పనిచేశారు, ఇప్పుడు పింఛను తింటున్నాను. ఆ బెస్తవాళ్ల సభలు గుర్తొస్తే ఇప్పటికీ విసుగే. ఇంత చిన్న సంగతికి అంతసేపా అని ఇప్పటికీ నాలో నేను వాళ్లతో తగవు పడుతూనే ఉంటాను. వాళ్లే ఉండి ఉంటే బుట్ట ఊడగానే నలుగురూ నాలుగు దిక్కులనుంచి నన్ను తిట్టి ఉండేవారు. ఆ తిట్లకోసం ఆ నీటిగుంట గట్టు మీద నా ప్రాణం ఎంత కొట్టుకుపోయిందో చెప్పలేను.

పంపు బిగుసుకుపోయిన ఆ మధ్యాహ్నం మిల్లు గుమాస్తా వచ్చి చూసి, షావుకారుకు ఫోను చేయడానికి లోపలికి పోయాడు. బండిచక్రం పక్కన నేలమీద కూలబడ్డాను. ఆ నలుగురినీ దగ్గరకు రమ్మని చేత్తో నేల చూపించాను.

"కూకోండి. ఇప్పుడేటి సేద్దాం? మీ మాటేటో సెప్పండి."

వాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. కూర్చోలేదు. నేను నేలమీదున్నానని, తలగుడ్డలు తీసి చేతిలో పట్టుకుని, ఇంకాస్త ఒదిగి నిలబడ్డారు.

"మీరెలగ సెప్తే అలగే బాబూ," అన్నాడు పెద్దవాడు.